బస్సు దిగని అన్న

బావిలో నన్ను అందరూ గప్పాలోడు అనేవాళ్లు. బావి అంటే నీళ్ల బావి కాదు. గోదావరి ఒడ్డున మా కాలనీ పక్కనున్న బొగ్గు గని. మా దిక్కు గనిని బావి అనే అంటాం. ఆ పేరు నాకు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఉట్నూర్ అడవిలో పెద్దపులి ఎదురొచ్చి నన్ను బీడీ అడిగిందని, అగ్గిపెట్టె లేదంటే ఛీ అనుకుంటూ పోయిందని చెప్పింది నేనే. తాడు తెగి జారిపోతున్న బొగ్గు టబ్బును పళ్లతో పట్టి ఆపానని చెప్పిందీ నేనే. నమ్మనివాళ్లకు ఊడిపోయిన పన్ను చోటు చూపించేవాణ్ణి.

ఇప్పుడు మోకాళ్లు పోయాయి. ఇక దిగొద్దని డాక్టర్లు రాసిచ్చాక, ముసలితనం రాకముందే ఇంటిపట్టున కూర్చున్నాను. కొత్తగా పనిలో చేరిన పిల్లలు షిఫ్టు అయ్యాక మా వాకిట్లోకొచ్చి, "మామా, ఏదన్న చెప్పరాదు" అంటారు. పులి కథ చెప్తాను. ఇప్పుడు రాసేది మాత్రం వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. నోటితో చెబితే నా అలవాటు ప్రకారం ఎక్కడో ఒకచోట మసాలా వేస్తాను, వాళ్లు అలవాటు ప్రకారం నవ్వుతారు. కాగితం మీదైతే ఎవరి నవ్వూ నాకు వినపడదు. అందుకని, పిల్లలూ, ఇది చదువుకోండి.

మా గ్యాంగుది సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు మీద పడకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం, కప్పులోకి బోల్టులు బిగించడం. గ్యాంగులో పెద్దవాణ్ణి అందరం కాక అనేవాళ్లం. మంథని అవతల ఒక మెట్ట పల్లె ఆయనది. మాట తక్కువ. నేను ఇద్దరి మాటలూ మాట్లాడేవాణ్ణి కాబట్టి మా జత కుదిరింది. దిమ్మెకు ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. ఇంకొకడు సిరిసిల్లలో మరమగ్గాల ఇంట పుట్టినవాడు. మగ్గం చప్పుడు పడక బావికొచ్చానని చెప్పేవాడు, కానీ ఏ మగ్గమూ వాడి నోటి ముందు పనికిరాదు. వరసకు ఏమీ కాకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు. మా మీద ఒక సర్దారు. అంటే మా పనినీ, మా ప్రాణాలనూ చూసుకునే చిన్న అధికారి. నా గప్పాలకు పైకి కసురుకునేవాడు. మెత్తగా కసురుకున్నాడంటే కథ నచ్చినట్టు.

సద్ది టైముకు గాలి బాగా ఆడే ఒక మలుపు దగ్గర కూర్చునేవాళ్లం. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, ఎవరి గిన్నెలోంచి ఎవరైనా తినడం మా పద్ధతి. తినబోయే ముందు కాక ఒక బుక్క తీసి గోడ వారకు పెట్టేవాడు. ఎలుకలు వచ్చి తినేవి. బావిలో ఎలుకలకు తలా కొంత వేస్తాం. అవి తిరుగుతున్నంతసేపు కప్పుకు భయం లేదని అందరి నమ్మకం. కానీ మిగతావాళ్లు వేసేది తిన్నాక మిగిలింది. కాక వేసేది తనకంటే ముందు, అదీ కూర కలిపి.

"కాకా, జర ఉల్లిగడ్డ సుత నంజుకు పెట్టరాదే" అని సిరిసిల్లవాడు ఎక్కిరించేవాడు. "నీ అల్లుండ్లు ఉత్తగ తింటున్నరు."

కాక నవ్వేవాడు కాదు, కోపం తెచ్చుకునేవాడూ కాదు.

ఇక పుస్తకం సంగతి. కంపెనీ పండుగకు కాలనీ గ్రౌండులో కార్మికులకు పోటీలు పెట్టారు. పాటల పోటీ, తాడు గుంజుడు, కథ చెప్పుడు. కథ చెప్పుడులో మొదటి బహుమతి స్టీలు టిఫిన్ క్యారియరు. దాన్ని తలుచుకునే పులి కథ చెప్పాను. క్యారియరు ఎవరికో పోయింది, నాకు రెండో బహుమతిగా ఒక నవల చేతిలో పెట్టారు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్ల కూర పోస్తే కారుతది గద" అన్నది.

ఆ నవల పేరు నేను చెప్పను. చెబితే మీరు కొని చదివి, నేనెక్కడ పెంచానో ఎక్కడ తుంచానో పట్టుకుంటారు. కరువు ఊరి కథ అది. తండ్రి, తల్లి, కొడుకు, ఒక చిన్న బిడ్డ. అంతే మనుషులు. మొదటి రోజు పేజీలు తిప్పితే మాటలన్నీ మామూలు మాటలే. ఇందులో ఏముంది, దీనికంటే నా పులి నయం అనుకున్నాను. తర్వాత ఒకచోట, పొయ్యి మీద ఉత్త కుండ పెట్టి ఆ తల్లి గరిటె తిప్పుతుంటుంది. లోపల ఏమీ లేదు. గరిటె చప్పుడు పక్కింటికి వినపడాలి, ఈ ఇంట్లోనూ వంట అవుతున్నదని వాళ్లు అనుకోవాలి. అంతవరకు చదివి పుస్తకం మూశాను.

మా ఆవిడ వచ్చి చూసి, "పన్ను నొప్పి మల్ల లేసిందా?" అన్నది.

"అవు" అన్నాను. లవంగం తెచ్చిచ్చింది. నోట్లో పెట్టుకుని, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఇంత బరువు ఒక్కణ్ణే మోయడం నా వల్ల కాలేదు. మర్నాడు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని బావిలోకి దిగాను. సద్ది తింటుండగా తీసి, టోపీ మీది లైటు వెలుగులో చదవడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నా కథలకు వాళ్లు నవ్విందే ఎరుగుదును. ఆ రోజు ఉత్త కుండ దగ్గరికి వచ్చేసరికి గిన్నెల్లోకి చేతులు పోవడం ఆగిపోయింది.

సిరిసిల్లవాడు అన్నాడు: "మా బాపు సుత గంతే బావా. నూలు లేని నాడు ఉత్త మగ్గం నడిపిచ్చెటోడు. చప్పుడు ఇనవడకపోతే వాడకట్టోళ్లు ఏమైందని అడుగుతరని."

వాడు మగ్గం చప్పుడు ఎందుకు పడదన్నాడో నాకు అప్పుడు తెలిసింది.

అట్లా రోజుకు కొంత చదివేవాణ్ణి. సర్దారు కూడా మా మలుపు దగ్గరే సద్ది విప్పడం మొదలుపెట్టాడు. "టైమైంది, లెవ్వుండ్రి" అనే మనిషి, "గా పేజీ అయినంక లెవ్వుండ్రి" అనేవాడు. నా జీవితంలో మొదటిసారి నా సొంత మాట ఒక్కటీ కలపకుండా కథ చెప్పాను. కలపడానికి సందు దొరకలేదు. ఆ రాసినాయన ఎక్కడా సందు ఉంచలేదు.

ఒకరోజు, తండ్రీ కొడుకులు కోసేసిన చేలల్లో తిరిగి ఎలుక బొరియలు తవ్వే చోటు వచ్చింది. ఎలుకలు దాచుకున్న కంకులను తవ్వి తీసి, దులిపి, దంచి, గంజి కాచుకుని తాగుతారు. సిరిసిల్లవాడు మొహం అదోలా పెట్టి, "థూ, నిజంగ గట్ల తింటరా?" అన్నాడు.

"తింటరు" అన్నాడు కాక.

అన్ని లైట్లూ ఆయన మొహం మీదికి తిరిగాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మేం తిన్నం. పెద్ద కరువుల మా బాపు, నేను తవ్వినం. చెయ్యి లోపటికి పెడితే మెత్తగ పిల్లలు తలిగేయి. కండ్లు సుత తెరువలే అవి. గింజలు మొత్తం ఊడ్చుకొచ్చేటోళ్లం. గా పిల్లలు ఏం తిని బతికినయో, ఏమో." గోడ వారకు చూశాడు. "గందుకే ముందుగాల్ల వాటికి పెడుత."

ఆ తర్వాత ఆ బుక్క గురించి ఎవరూ ఎక్కిరించలేదు. సిరిసిల్లవాడైతే మర్నాడు తన గిన్నెలోంచి కూడా, తినకముందే, ఒక బుక్క తీసి పెట్టాడు. ఎవరి మొహమూ చూడకుండా పెట్టాడు.

నవల సగం దాటింది. వాళ్లు ఊరు విడిచి నడిచిపోతుంటారు. దారిలో ఒక కలిగిన ఇల్లు. ఆ ఇంట్లో పని చేసే చేతులు కావాలి. తండ్రి చిన్న బిడ్డను అక్కడ విడిచిపెట్టి, ఒక మూట నూకలు తెచ్చుకుంటాడు. రాత్రికి గంజి కాస్తారు. కొడుకు, చెల్లె ఏదని అడుగుతాడు. తల్లి, తాగు అంటుంది. వాడు తాగుతాడు. ఇంకొంచెం అడుగుతాడు కూడా.

చదవడం ఆపాక చూస్తే కాక గిన్నె అట్లాగే ఉంది.

"గా పోరడు" అన్నాడు కాక, "మల్ల పోతడా? పెద్దగయినంక చెల్లె కోసం పోతడా?"

"నేను సుత చదువలే కాకా. రేపు చూద్దాం."

"పోవాలె" అన్నాడాయన. నాతో అన్నట్టు లేదు.

ఇంటికి పోయి ముందు ఆ అధ్యాయమే తీశాను. కొడుకు పెద్దవాడయ్యాడు, పట్నంలో పని దొరికింది, పెళ్లి అయింది. ఒకనాడు ఏదో పని మీద బస్సులో పోతుంటే ఆ ఊరు వస్తుంది. బస్సు ఆగుతుంది. అతను లేచి కడ్డీ పట్టుకుంటాడు. కండక్టరు దిగుతావా అని అడుగుతాడు. అతను మళ్లీ కూర్చుంటాడు. బస్సు కదులుతుంది. అంతే. ఎందుకు దిగలేదో రచయిత ఒక్క ముక్క రాయలేదు. ఆ తర్వాత చెల్లె పేరు ఆ నవలలో మళ్లీ రాదు.

ఈసారి పన్ను నొప్పి సాకు కూడా సరిపోలేదు. ఏమైందని మా ఆవిడ గట్టిగా అడిగింది. చదివి వినిపించాను. ఆమె అన్నం వార్చుతున్నదల్లా గంజి గిన్నె కింద పెట్టి, "గిది మీ కాకకు చదవకు" అన్నది. ఆమెకు కాక సంగతి ఏమీ తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. నేను చెప్పిన రెండు మాటలను బట్టి ఆమెకు ఏదో తోచింది.

మర్నాడు ముగ్గురూ గిన్నెలు విప్పకముందే నా చుట్టూ కూర్చున్నారు. పుస్తకం తెరిచాను. బస్సు వచ్చింది, ఊరు వచ్చింది, అతను లేచి కడ్డీ పట్టుకున్నాడు. అక్కడ నాకు ముందుకు చదవబుద్ధి కాలేదు. కానీ నోరు ఎన్నడు ఊరుకున్నది కనుక? అతను దిగాడన్నాను. పరుగెత్తాడన్నాను. చెల్లె వాకిట్లో పత్తి ఎండబోస్తూ కనిపించిందన్నాను. "అన్నా" అని అరిచిందన్నాను. ఇద్దరూ అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఇంటికొచ్చారని, కండక్టరు చెల్లెకు టికెట్టు కొట్టలేదని కూడా చెప్పాను.

సిరిసిల్లవాడు చప్పట్లు కొట్టాడు. సర్దారు ముక్కు తుడుచుకుని, "ఇగ లెవ్వుండ్రి, పని లేదా?" అని మెత్తగా కసిరాడు. కాక మాత్రం సద్ది గిన్నె విప్పకుండానే లేచాడు.

షిఫ్టు అయ్యాక పైకి వచ్చి, లైట్లు అప్పజెప్పే గది దగ్గర మొహం కడుక్కుంటుంటే నా పక్కన నిలబడ్డాడు.

"నువ్వు చదివేటప్పుడు నీ లైటు పుస్తకం మీద ఉంటది" అన్నాడు. "ఇయ్యాల నీ లైటు మా మొకాల మీద ఉన్నది."

గప్పాలు కొట్టడంలో నన్ను ఎవరూ అట్లా పట్టుకోలేదు. బావిలో మనిషి ఎటు చూస్తే లైటు అటే పోతుంది. అంతకుముందు కొట్టిన ఏ గప్పాకూ నా చేతిలో పుస్తకం లేదు మరి.

"కాకా, గది..."

"చదువు."

"ఇంటికి పోదాం తియ్యి, ఎండ మస్తుగున్నది."

"దాంట్ల ఏమున్నదో గదే చదువు. నీది ఒక్కటి కలిపినా ఇగ నీతోని దిమ్మె పట్ట."

ఆ గది గోడ నీడలో కూర్చున్నాం. పగటి వెలుగులో చదివాను. కండక్టరు అడిగాడు, అతను కూర్చున్నాడు, బస్సు కదిలింది. కాక ఇంకా ఉందేమో అన్నట్టు చూశాడు. లేదన్నాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"గా రాసినాయనకు నేను ఎట్ల ఎరుక?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, నా వైపు చూడకుండా. పెద్ద కరువులో వాళ్లు నలుగురూ ఎండిన గోదావరిని నడిచి దాటి, ఆసిఫాబాద్ దాటి, ఉట్నూర్ దారిన పోయారు. ఎక్కడా కూలి దొరకలేదు. దారి పక్క ఊళ్లో మరాఠీ మాట్లాడే ఒక పత్తి రైతు ఇల్లు. పిల్లలు లేని ఇల్లు. బాపు చెల్లెను అక్కడ విడిచి, ఒక మూట జొన్నలు తెచ్చాడు. చెల్లెకు ఇంకా సరిగా జడ కూడా అందదు.

"అవ్వ జొన్న గటుక వండింది. నేను తిన్న. మస్తు రుచిగుండె." కాక మూతి తుడుచుకున్నాడు. "గా రుచి ఇప్పటికి నోట్లకెల్లి పోలే."

వానలు పడ్డాక మళ్లీ పోయి తెచ్చుకుందామని బాపు అనేవాడట. బాపు పోయాడు, అవ్వ పోయింది. ఈయన బావిలో చేరాడు. ఆ దారిన బస్సులో పోయాడు కూడా, ఒక్కసారి కాదు. ఊరు వచ్చేది, బస్సు ఆగేది.

"ఎందుకు దిగలే కాకా?"

"ఏం మొకం పెట్టుకొని దిగుత? ఎందుకు రాలే అంటే ఏం చెప్త? నీ లెక్క నాకు కథలు రావు గద." మళ్లీ అన్నాడు: "వాడు దిగుతడేమో అనుకున్న. వాడు దిగితే నేను సుత దిగుదు అనుకున్న."

ఆయన నవల ఎందుకు విన్నాడో అప్పటికి నాకర్థమైంది. మేమంతా కథ ఏమవుతుందోనని విన్నాం. ఆయన తను ఏం చేయాలోనని విన్నాడు.

"వాడు దిగకపోతే దిగకపాయె" అన్నాను. "ఆదివారం మనం పోదాం."

కాక లేచి అంగీ దులుపుకున్నాడు. "నువ్వు వస్తె పోత" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మంచిర్యాలలో బస్సెక్కాం. మనిషి ఉతికిన తెల్ల అంగీ వేసుకున్నాడు. చేతిలో ఒక సంచి. ఏముందని అడిగితే చూపించాడు: చీర, గాజులు. గాజులు ఎంత సైజువి కొనాలో తెలియక చిన్నవీ పెద్దవీ రెండు రకాలు తెచ్చాడు. దారంతా నేను పులి కథ దగ్గర్నుంచి ఎన్ని చెప్పానో. ఆయన "ఊ" కూడా కొట్టలేదు. చెట్లు దగ్గరపడ్డాయి, పత్తి చేన్లు వచ్చాయి, బోర్డుల మీద ఊళ్ల పేర్లు మారాయి.

బస్సు ఆగింది. కాక లేచి కడ్డీ పట్టుకున్నాడు. అక్కడే నిలబడిపోయాడు.

"ఓ పెద్దాయనా, దిగుతవా దిగవా?" కండక్టరు అరిచాడు. "టికెట్టు గీడికే గదా తీసుకున్నవ్!"

"దిగుతడు, దిగుతడు, జర ఆగు" అన్నాను. కాక వేళ్లను కడ్డీ మీద నుంచి ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఎంతటి దిమ్మెనైనా భుజం మీద మోసిన మనిషి, నా చెయ్యి పట్టుకుని ఆ రెండు మెట్లు దిగాడు.

చాయ్ హోటలాయనను అడిగాను, వెనుకటి కరువులో తెచ్చి పెంచుకున్న పిల్ల ఇల్లు ఎక్కడని. "తెలుగామె ఇల్లా? గా నీలం తలుపులది. బిడ్డ ఉంటది చూడుండ్రి" అన్నాడు. కాక ఆ మాట విని సంచిని ఛాతీకి దగ్గరగా పట్టుకున్నాడు. తెలుగామె అట. ఆ ఊళ్లో చెల్లె పేరు అది.

నీలం తలుపుల ఇంటి ముందు గదిలో పత్తి కప్పు దాకా పోసి ఉంది. ముప్పై దాటిన ఒకామె బయటికొచ్చి మంచం వాల్చింది. కూర్చున్నాం. కాక ఆమె మొహం వైపు ఒక్కసారే చూసి, తల దించేశాడు.

"ఏ ఊరు బాబా మీది?"

"మంథని దిక్కు" అన్నాడు కాక.

"అవునా! మా ఆయీది సుత గదే దిక్కంట, గోదారి అవుతల." ఆమె సంబరంగా మంచం కోడు దగ్గర కూర్చున్నది. ఆయీ అంటే తల్లి, అక్కడివాళ్ల మాటలో. "ఊరి పేరు ఆమెకు యాదికి లేకుండె. చిన్నగున్నప్పుడే వచ్చింది."

"మీ ఆయీ ఉన్నదా బిడ్డా?" నేనడిగాను.

"ఏడున్నది? పోయిన వానకాలం జరమొచ్చి పోయింది."

కాక ఒళ్లోని సంచిని మంచం కిందికి జరిపాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, ఆ చేతులు అట్లాగే ఉన్నాయి. పోయిన వానకాలం. మేము కింద దిమ్మెలు నిలబెడుతున్నాం అప్పుడు, ఎప్పటిలాగే, ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. ఆమె ఇంకేమేమో చెప్తుంటే, నేను మంచాన్ని ఒక చేత్తో పట్టుకుని విన్నాను.

"ఆయీ తరఫున మాకు ఎవ్వలు లేరు బాబా. మొత్తం కరువుల సచ్చిపోయిండ్రు. ఊళ్లెవలన్న, నిన్ను విడిచిపెట్టి పోయిండ్రే అంటే, వాళ్లతోని మల్ల మాట్లాడకపోయేది. మా అన్న బతికి ఉంటే రాకుండ ఉంటడా, అనేది. రాలేదంటే సచ్చిపోయినట్టే, గట్లనుకో, అనేది."

నేను కాక వైపు చూడలేదు. ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చింది.

"పెత్రమాసకు పెద్దల పేరు మీద పెడుతం గదా. ఆయీ మూడు ఇస్తరాకులు ఏసేది, బాపుకు, అవ్వకు, అన్నకు. అన్న ఆకుల ఒక బుక్క ఎక్కువ పెట్టేది. ఎందుకే అంటే, మా అన్నకు ఆకలి ఎక్కువ అనేది." నవ్వింది ఆమె. "మొన్నటి పెత్రమాసకు నేను పెట్టిన. మా మామకు గట్లనే ఒక బుక్క ఎక్కువ."

కాక నీళ్ల చెంబును తాగకుండానే కింద పెట్టాడు. ఆమె చూడలేదు.

"మీరు గా దిక్కోళ్లే గదా. మా మామ ఎరుకనా మీకు? చిన్నప్పుడు చూసినవా బాబా?"

కాక నోరు తెరిచాడు. నేనే అంటాడనుకున్నాను. ఆ ఒక్క మాట కోసమే కదా ఇంత దూరం వచ్చింది. నేను మంచం మీద కొంచెం పక్కకు జరిగాను కూడా, ఆమె వచ్చి పట్టుకుంటే చోటుండాలని. కానీ బతికి ఉన్నానని చెబితే, ఉండి కూడా రాలేదని చెప్పినట్టే. చెల్లె ఊరంతటితో పోట్లాడి నిలబెట్టుకున్న మాటను, ఆమె పోయాక, ఆ అన్నే వచ్చి కూలగొట్టినట్టు. కాక నోరు మూసుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు.

పిల్లలూ, నేను మీకు ఎన్నో చెప్పాను. ఒక్క కథకూ తడుముకోలేదు. ఆ రోజు ఒక్కొక్క మాటా రాయి మోసినట్టు మోశాను.

"ఎరుక బిడ్డా" అన్నాను. "మా ఇంటి పక్కనే. నువ్వన్నది నిజమే. వాపసు పోయేటప్పుడే, తొవ్వల పోయిండ్రు అందరు. వానలు పడంగనే చెల్లెను తెచ్చుకుందామనుకున్నరు. గంతల్నే..."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయినా, ఏడుస్తూనే తల ఊపుతున్నది, తన తల్లి మాట నిజమైందని. తర్వాత లేచి పోయి, రొట్టెలు, పప్పు రెండు పళ్లేల్లో పెట్టుకొచ్చి మా ముందు పెట్టింది. తినకుండా పోవద్దన్నది. ఆయీ ఊరివాళ్లు ఈ ఇంటికి రావడం ఇదే మొదలన్నది.

"మా మామ" అని అడిగింది మళ్లీ, కళ్లు తుడుచుకుని, "పాణం పోయేటప్పుడు ఏమన్న అన్నడా? మీకు ఎరుకనా?"

నా దగ్గర ఇక ఏమీ లేదు. పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాను.

"చెల్లె తిన్నదా అని అడిగిండు" అన్నాడు కాక.

ఆమె ఆయన వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉంది. ఏమనుకున్నదో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. పళ్లేన్ని ఆయనకు ఇంకా దగ్గరగా జరిపింది.

"తిన్నది బాబా" అన్నది. "గీ ఇంట్ల మా ఆయీ ఒక్క పూట సుత పస్తు లేదు."

కాక తల ఊపాడు. "సరే బిడ్డా" అన్నాడు. చెయ్యి కడుక్కుని, రొట్టె తుంచాడు.